కళ్ల ముందు కోటగోడ

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక రాత్రి స్టడీ అవర్లో పుస్తకం మీద మెరిసే వంకర గీతలు కనిపించాయి. కోటగోడ పైఅంచులాగా పళ్లుపళ్లుగా ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో పెద్దవై, పక్కకు జరిగి మాయమయ్యాయి. వెనకే తలనొప్పి. 'గాలి సోకింది' అని జేజి తాయెత్తు కట్టించింది. చదువు మాన్పిద్దామనుకున్నారు. వార్డెన్ సారే కర్నూలు పెద్దాసుపత్రికి పిలుచుకుపోయారు. మైగ్రేన్ అన్నారు డాక్టరు.

డిగ్రీలో తెలిసింది. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తనకొచ్చిన ఇలాంటి గీతలనే కాలం చూసుకుంటూ కాగితంపై గీసుకున్నాడట. మెదడు వెనుక, చూపుకు సంబంధించిన పొరపై ఏదో అలలాంటిది నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లు పాకుతోందని 1941లో లెక్కగట్టాడు. మత్తుమందుల ప్రభావంలో కనిపించే సుడులు, సొరంగాలకు కూడా 1979లో ఎర్మెన్‌ట్రౌట్, కోవన్ సమీకరణాలు రాశారు. నాడీకణాలు ఒకదాన్నొకటి రెచ్చగొట్టడానికీ అణచడానికీ మధ్య తూకం తప్పితే మెదడు పొరపై చారలు పుడతాయి. అవే చూపులో సుడులవుతాయి.

నన్ను చదువు మాన్పించబోయిన గీతకు లెక్క ఉందన్నమాట! తమ్ముళ్లారా, మీ గదిలో ఎవరికైనా ఇలా కనిపిస్తే నవ్వకండి. వెంటనే సారుకు చెప్పండి.