నాగపూర్ వెళితే తొక్కలు పారెయ్యకండి!

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ (అదేనండీ, మన పాత ఏపీ ఎక్స్‌ప్రెస్) చలికాలంలో ఎప్పుడైనా ఎక్కారా? బల్లార్షా దాటి, సేవాగ్రామ్ దాటి నాగపూర్ చేరేసరికి బండి ఆగీ ఆగకముందే మగవాళ్ళు ప్లాట్‌ఫారం మీదికి దిగిపోతారు. తిరిగొచ్చేటప్పుడు ఒక చేతిలో కమలాపళ్ళ సంచీ, మరో చేతిలో సంత్రా బర్ఫీ డబ్బా! ఇక ఇటార్సీ వచ్చేదాకా బోగీ అంతా ఆ పళ్ళ వాసనే.

ఆ వాసన పండులోది కాదు, తొక్కలోది. మనం కిటికీలోంచి విసిరేసేది దాన్నే.

కోస్తాలో మనం కమలాపండంటాం, తెలంగాణలో సంత్రా అంటారు. పెరట్లో కాసే పుల్లని నారింజ వేరు. అది పులిహోరకి బాగుంటుంది గానీ మిఠాయికి పనికిరాదు. నాగపూర్ కమలాకి తొక్క వదులుగా ఉంటుంది, చిన్నపిల్లలు కూడా వలిచేస్తారు. 2014లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

వీలైతే ఒక రోజు ఊళ్ళో ఆగండి. కళమ్నా మార్కెట్‌లో గుట్టలు గుట్టలుగా పోసిన పళ్ళు చూస్తే కళ్ళు చెదురుతాయి. ఇవన్నీ కాటోల్, నర్ఖేడ్ వైపు నుంచీ, పక్క అమరావతి జిల్లాలోని వరుడ్, మోర్షీల నుంచీ వస్తాయి. ఏడాదికి రెండు కాపులు. నవంబరు నుంచి జనవరి దాకా వచ్చేది అంబియా కాపు, కాస్త పులుపు తగులుతుంది. సంక్రాంతి వెళ్ళాక ఫిబ్రవరి, మార్చిలలో వచ్చేది మృగ్ కాపు, ఇది ఎక్కువ తీపి. బర్ఫీకి మృగ్ పండు, కేకుకి అంబియా పండు అని నా లెక్క. కేకుకి కాస్త పులుపుండాలి మరి.

పూత కోసం అక్కడి రైతులు చేసే పని వింటే మనసు చివుక్కుమంటుంది. కొన్నాళ్ళపాటు చెట్టుకి నీళ్ళు మాన్పించేస్తారు. అది వాడి ఆకు రాలుస్తుంది. అప్పుడు మళ్ళీ తడి పెడితే ఒక్కసారిగా పూస్తుంది. కానీ ఆ తడికే నీళ్ళు కరువు! వరుడ్ ప్రాంతంలో భూగర్భజలం తోడీ తోడీ అడుగంటింది. దానికి తోడు, ఈ పళ్ళు బాగా కొనే బంగ్లాదేశ్ 2019 నుంచీ దిగుమతి సుంకం పెంచుకుంటూ పోవడంతో ఇక్కడ ధర పడిపోయింది. చిన్న కాయకైతే మరీ చవక. బేరం చేసేటప్పుడు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. పైగా మన వంటకి ఆ చిన్న కాయలే చాలు, వాటికీ తొక్క ఉంటుందిగా!

ఇక బర్ఫీ. రైల్లో అమ్మే చవక డబ్బాల్లో పండు కన్నా రంగు, ఎసెన్సే ఎక్కువ. ఇంట్లోనే చేసుకోండి. నాలుగు పళ్ళు వలిచి, గింజలు, పీచు తీసేసి, గుజ్జుకి అరకప్పు పంచదార కలిపి జాములా దగ్గరపడేదాకా ఉడికించండి. పావుకిలో కోవా విడిగా సన్నసెగ మీద కలియబెట్టి దించండి. రెండూ గోరువెచ్చగా అయ్యాకే కలపాలి సుమా! పులుపు, వేడి ఒకేసారి తగిలితే కోవా పలుకులు కడుతుంది. తర్వాత మళ్ళీ చిన్న మంట మీద ముద్దయ్యేదాకా తిప్పి, దించాక అర చెంచా తొక్క తురుము వెయ్యండి. ముందే వేస్తే వాసనంతా ఆవిరైపోతుంది. నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి ముక్కలు కొయ్యండి. ఫ్రిజ్‌లో మూణ్ణాలుగు రోజులుంటుంది.

తొక్క తురమడానికీ ఓ పద్ధతుంది. పళ్ళమీద మైనం పూత ఉండొచ్చు, గోరువెచ్చని నీళ్ళలో రుద్ది కడగండి. వదులు తొక్క కాబట్టి పండుమీదే తురిమితే చిరిగిపోతుంది. ముందు వలిచి, లోపలి తెల్ల పొర చెంచాతో గీకేసి, మిగిలింది సన్నగా తరగండి. చేదంతా ఆ తెల్ల పొరలోనే, గింజల్లోనే.

ఓవెన్ లేదని కేకు మానెయ్యక్కర్లేదు, మన కుక్కరుంది. ఒకటిన్నర కప్పు మైదా, ఒక చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి జల్లించండి. వేరే గిన్నెలో ముప్పావు కప్పు పంచదార పొడి, అరకప్పు చొప్పున నూనె, పెరుగు, కమలారసం, రెండు పళ్ళ తొక్క తరుగు కలపండి. రెండూ చేర్చి, ఉండలు లేకుండా కలిపి, వెంటనే నెయ్యి రాసిన గిన్నెలో పొయ్యండి. ఆలస్యం చేశారో, పులుపుకి సోడా పొంగిన నురగంతా పోయి కేకు అట్టులా అవుతుంది!

కుక్కర్లో అంగుళం మందం ఇసుక గానీ రాళ్ళ ఉప్పు గానీ పరిచి, పది నిమిషాలు ముందే వేడి చెయ్యండి. గాస్కెట్, విజిల్ రెండూ తీసెయ్యాలి, నీళ్ళు అసలు పొయ్యకూడదు. స్టాండు మీద గిన్నె పెట్టి సన్నమంట మీద నలభై, నలభై అయిదు నిమిషాలు ఉంచండి. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. ఆత్రపడి పాతిక నిమిషాల్లోపే మూత తీస్తే మధ్యన కుంగిపోతుంది.

ఇంకా తొక్కలు మిగిలాయా? సన్నగా చీల్చి, మూడుసార్లు నీళ్ళు మార్చి ఉడికించి వార్చండి. వాటికి సమానంగా పంచదార, మునిగేన్ని నీళ్ళు పోసి, పాకం తొక్కలకి పట్టేదాకా ఉంచి, పళ్ళెంలో రెండు రోజులు ఆరబెట్టండి. గాలి దూరని సీసాలో పోసి పిల్లలకి అందకుండా పై అలమరలో పెట్టుకోండి.