అక్టోబరు 21, అక్టోబరు 24

సింగరాయకొండలో ఒంగోలు ప్యాసింజర్ ఎక్కితే తర్వాత వచ్చేది టంగుటూరు. ఆ మండలంలోదే అలకూరపాడు, మావోయిస్టు నాయకుడు ఆర్కే అత్తగారి ఊరు. 2016 అక్టోబరు 24న రామగూడ ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన దాదాపు 30 మందిలో ఆర్కే కొడుకు మున్నా ఒకడు. అంత్యక్రియలు అలకూరపాడులోనే చేశారు. నేనప్పుడు ఒంగోలులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం.

మా క్లాసులో వాడొకడు ఆ అంత్యక్రియలకి వెళ్ళొచ్చాడు. "తీవ్రవాది చావుకి నువ్వెందుకురా?" అన్నాను. వాడేమీ అనలేదు. ఆ తర్వాత ల్యాబులో నా పక్కన కూర్చోవడం మానేశాడు.

నేనలా అనడానికి కారణం మా బాబాయి. ఆయన కానిస్టేబుల్. 2008 జూన్‌లో బలిమెల రిజర్వాయర్‌లో బోటు మీద దాడి జరిగి 38 మంది పోలీసులు చనిపోయారు కదా, అందులో బాబాయి స్నేహితుడు ఒకడు. 1959లో లడఖ్‌లో చైనా కాల్పులకి చనిపోయిన పదిమంది గుర్తుగా ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం చేస్తారు. ఆ రోజు బాబాయి పొద్దున్నే యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వెళ్తాడు, వచ్చాక ఎవరితోనూ మాట్లాడడు. అటు మావోయిస్టులకి జులై 28 నుంచి అమరవీరుల వారం, 1972లో చారు మజుందార్ పోయిన రోజు నుంచి. రెండు వైపులా అదే మాట. అన్నట్టు రామగూడలో ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ కూడా పోయాడు. ఆ పేరు మీలో ఎంతమందికి గుర్తుంది? నాకూ వెతికితే గానీ దొరకలేదు.

చచ్చిపోయినవాళ్ళని తలుచుకోవడానికి కూడా పర్మిషన్ కావాలి మనకి. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల స్తూపాన్ని 1986లో కూల్చేశారు, తర్వాత ప్రభుత్వమే మళ్ళీ కట్టింది, కట్టి ఏళ్ళ తరబడి ఆ రోజున 144 సెక్షన్ పెట్టింది! 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రే వెళ్ళి అక్కడ దణ్ణం పెట్టాడు. ఆర్కే 2021 అక్టోబరులో అడవిలో జబ్బుచేసి పోయాడు. ఆయన మీద వేసిన 'సాయుధ శాంతి స్వప్నం' పుస్తకాన్ని నెల తిరక్కుండానే ప్రెస్సులో పోలీసులు పట్టుకుపోయారు.

డబ్లిన్‌లో గ్లాస్‌నెవిన్ అని ఒక శ్మశానం ఉంది. 1916 ఈస్టర్ తిరుగుబాటులో చనిపోయినవాళ్ళ పేర్లన్నీ, తిరగబడ్డవాళ్ళవి, బ్రిటిష్ సైనికులవి, దారినపోయే జనానివి, 2016లో ఒకే గోడ మీద చెక్కారు. 2017లో దాని మీద రంగు పోశారు. 2020లో సుత్తులతో కొట్టారు. 2022లో ట్రస్టువాళ్ళే ఇక మా వల్ల కాదన్నారు. వందేళ్ళు దాటినా అంతే.

మొన్న ఊరెళ్ళినప్పుడు బాబాయిని అడిగాను, అలాంటి గోడ మన దగ్గర కడితే నీ స్నేహితుడి పేరు పక్కన మున్నా పేరు ఉండొచ్చా అని. చాలాసేపు ఆలోచించి, "పేరు రాసుకోమను. అమరుడని మాత్రం రాయొద్దను" అన్నాడు.

నంబరు సంపాదించి క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. ముందు సారీ చెప్పాను, తర్వాత ఇదే అడిగాను. "ఎన్‌కౌంటర్ అని రాస్తారా, చంపేశారని రాస్తారా? ముందు అది చెప్పు" అన్నాడు. సారీ గురించి ఏమీ అనలేదు. ఆదివారం టంగుటూరులో కలుద్దాం రమ్మన్నాడు.