అడిగి తినిన విందు

సంక్రాంతి వెళ్లిన పిమ్మట మాయత్తగారితో వికారాబాదునకు బోయి, అనంతగిరిపై పద్మనాభస్వామిని సేవించి, రైలులో తాండూరు చేరితిమి. ఎన్నడును బయటివంట ముట్టనివారు, ఆకలికి తాళలేక బజారులోని చిన్న భోజనశాలలో గూర్చుండిరి.

“పప్పెక్కడిది, నాయనా?” యని యడిగిరి.

“మా నల్లరేగడిదే, అమ్మా! తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినది” అని యతడు గర్వముతో బలికెను.

నలువదియేండ్లుగా నొరులకు వడ్డించిన మాయత్తగారు, జొన్నరొట్టెతో నా పప్పును మారు వడ్డింపించుకొని తినిరి. చూచి నాకు కన్నులు చెమర్చినవి.

మరునాటి యుదయమున ఊరివెలుపల ఈతచెట్టునుండి కల్లు దింపుచుండిరి. ఈ సీమలో పండుగలకు స్త్రీలును దీనిని ద్రావుట కలదు. ప్రొద్దుటి కల్లు తియ్యగా నుండును. ఎండ యెక్కినకొలది పులిసి మత్తు గొలుపును. అయినను భయము లేకపోలేదు. 2021 జనవరిలో ఈ జిల్లాలోనే కల్లు త్రాగి నూరుమందికి పైగా జబ్బుపడిరి. కావున అత్తగారు “ఏ చెట్టుది?” అని యడిగి, కన్నులయెదుట దింపినదానినే గ్రుక్కెడు రుచి చూచిరి.

బయట భుజించుట గృహిణికి లోపము గాదు. ఎక్కడిదని యడుగక భుజించుటయే లోపము.