జబ్బు మీద తగువు, జేబు మీద బరువు

ఒక డాక్టరు రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అన్నారు. ఇంకొకరు రిపోర్టు చూసి ‘ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్, అలాంటిదేమీ లేదు’ అని కొట్టిపారేశారు. అలాంటప్పుడు చాలామంది మనసుకు నచ్చిన మాట చెప్పినవాళ్ల దగ్గరే ఆగిపోతారు, లేదా మూడో డాక్టరుకు ఫీజు కడతారు. ఇంటి లెక్కల్లో నేను పెట్టుకున్న వరస వేరు. మందులకన్నా, మూడో సలహాకన్నా ముందు తగువు తేల్చే ఆధారానికి డబ్బు తీయాలి. ఎందుకంటే ఆ ఒక్క ‘నెగటివ్’ దేన్నీ తేల్చదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి ఆ పరీక్ష నెగటివ్‌గానే వస్తుంది. హెపటైటిస్ సి ఉన్నవాళ్లకీ, ఏ జబ్బూ లేని కొందరు పెద్దవాళ్లకీ పాజిటివ్ వస్తుంది. అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు 2010లో ఇచ్చిన ప్రమాణాల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు రెండూ కలిసి ఒక అంశం మాత్రమే. ఎన్ని కీళ్లు, ఏ కీళ్లు వాచాయన్నది ఒకటి, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్-సీఆర్‌పీ పెరిగాయా అన్నది ఒకటి, లక్షణాలు మొదలై ఆరు వారాలు దాటిందా అన్నది ఒకటి, ఇవి మిగతా మూడు. పదికి ఆరు రావాలి, ఆ రెండు పరీక్షలూ నెగటివ్ అయినా ఆరు దాటే వీలుంది. కాబట్టి ‘కాదు’ అన్న డాక్టరును అడగాల్సింది, మరి ఈ కీళ్ల వాపు దేనివల్ల అని. ఆ జవాబును చీటీ మీద రాయించుకోవాలి. నోటిమాటకు బీమా కంపెనీ దగ్గర విలువ లేదు.

బీమా ఊసెత్తాను కాబట్టి, చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఈ తగువు మొత్తం ఓపీలోనే నడుస్తుంది, అంటే ఖర్చు మనదే. అంతకన్నా ప్రమాదకరమైనది, ‘రెండో డాక్టరు లేదన్నారుగా’ అని కొత్త పాలసీ ఫారంలో మొదటి చీటీ సంగతి దాచేయడం. 2024 నుంచి ముందునుంచే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం 36 నెలలు మించకూడదు. పాలసీకి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించిన జబ్బు ఆ కిందకే వస్తుంది, ఆ తర్వాత ఇంకొకరు కాదన్నా సరే. ఆ నిరీక్షణ తప్పించుకోబోయి దాస్తే, 60 నెలల మారటోరియం, అంటే కంపెనీ పాత సంగతులు తవ్వి అభ్యంతరం చెప్పగల గడువు, నిండేదాకా ఏ క్లెయిమైనా ఆ దాపరికం మీదే తిరస్కరించవచ్చు. మోసమని రుజువైతే ఆ గడువూ కాపాడదు. రెండు చీటీలూ ఫారానికి జతచేయడమే చవక.

రాసివ్వమంటే డాక్టరుకు కోపం రాదా అంటారు. రావచ్చు. కానీ రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య నైతిక నియమావళే చెబుతోంది, మనం అడిగేది దయ కాదు. పరీక్షలకు బోలెడవుతుందన్నది ఇంకో మాట. ఒక యాంటీ సీసీపీ, ఒక అల్ట్రాసౌండ్ తక్కువేమీ కాదు, ఒప్పుకుంటాను. అయితే ఆలస్యంలో అరిగిన కీలు తిరిగి రాదు, మామూలు మాత్రలకు లొంగని దశలో వాడే బయాలజిక్ ఇంజెక్షన్ల ముందు ఈ ఖర్చు లెక్కలోకే రాదు. కాదన్న డాక్టరు మాటే నిజమైతే? అదీ జరుగుతుంది. అప్పుడు కూడా ఆ డబ్బు దండగ అనుకోను. లేని జబ్బుకు మందు తప్పుతుంది. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మొదలుపెడితే వారానికో మోతాదుతో పోదు, వాడినన్నాళ్లూ కొన్ని నెలలకోసారి కాలేయానికీ, రక్తకణాలకూ పరీక్షలు చేయిస్తూనే ఉండాలి.