గోడకూ ఓ ముహూర్తం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండింటి నడుమ ‘రంగులు వేయించి చూడు’ అని కలపడం మర్చిపోయినట్టున్నారు. పెళ్లి కుదిరిందంటే బంగారం తర్వాత ఇంట్లో వచ్చే మాట రంగుల గురించే. మగపెళ్లివారు వస్తారు. వియ్యపురాలు గోడలు చూస్తుంది. వీడియోలో హాలంతా పడుతుంది. కార్తీకంలో ముహూర్తం, గట్టిగా ఇరవై రోజులు కూడా లేవు. రంగుల మేస్త్రి వచ్చి గోడను గోటితో గీకి చూస్తాడు.

‘‘బాబుగారూ, లోపల చెమ్మ ఉందండీ. ఎండాకాలం దాకా ఆగితే మంచిది.’’

గోడ కోసం పెళ్లి ఆగుతుందా? ‘‘పైపైన రెండు కోట్లు లాగించెయ్యవయ్యా’’ అంటాడు ఇంటాయన. మేస్త్రి లాగించేస్తాడు. పెళ్లికి ఇల్లు అద్దంలా మెరిసిపోతుంది. ఆషాఢానికి అమ్మాయి పుట్టింటికి వచ్చేసరికి మెట్ల పక్క గోడంతా పొక్కులు!

ఇంటికి ఎన్నేళ్లకోసారి రంగులు వేయించాలి అనే ప్రశ్నకు మన ఇళ్లలో జవాబు ఎప్పుడూ ఇలాగే దొరుకుతుంది. పెద్దమ్మాయి పెళ్లికి ఒకసారి, అబ్బాయి పెళ్లికి ఒకసారి, నాన్నగారి షష్టిపూర్తికి ఇంకోసారి. పంతులుగారిని అడుగుతారు, బ్యాంకు పాస్‌బుక్కును అడుగుతారు. గోడను మాత్రం ఎవరూ అడగరు.

పాతరోజుల్లో ఈ ప్రశ్నే లేదు. ఏటా వెల్ల వేయాల్సిందే. కోస్తాలో సంక్రాంతి ముందు, తెలంగాణలో చాలా ఇళ్లలో దసరా ముందు. కాల్చిన సున్నాన్ని తొట్టిలో వేసి నీళ్లు పోస్తే బుసబుసా పొంగి ఆవిర్లు కక్కేది. కళ్లలో పడితే ప్రమాదమని పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. రెండు మూడు రోజులు నాననిచ్చి, పల్చటి గుడ్డలో వడకట్టి, గోడను పట్టి ఉండటానికి కాస్త బంక, తెల్లగా కనిపించడానికి చిటికెడు నీలిమందు కలిపి, కుంచెతో బారుగా పూసేవారు. అరుగు అంచుకు ఎర్రటి జాజు పట్టీ. అంతే, పండగ వచ్చేసినట్టే. సున్నం గోడకు ఆనుకుంటే చొక్కా వీపంతా తెల్లబడేది కాబట్టి, బడికెళ్లే పిల్లలకు ఓ నెలపాటు తిట్లు తప్పేవి కావు.

ఏటా వేయడం వేడుక కోసమే కాదు. సున్నం గోడమీద ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. కానీ ఆ పొర పల్చన. వానకు కరుగుతుంది, చేతులకు అంటుతుంది. అయితే ఆ పొర గోడకు ఊపిరాడనిస్తుంది. లోపలి తేమ ఆవిరై బయటకు పోవడానికి అడ్డుపడదు. పైగా దాని ఘాటుకు బూజు తొందరగా పట్టదు. ఇక సమయం సంగతి. తెలంగాణలో దసరా నాటికి నైరుతి వానలు తగ్గుముఖం పడతాయి. నెల్లూరు వైపు అసలు వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాలవే. సంక్రాంతి నాటికి అవి వెళ్లిపోయి ఉంటాయి. అంటే పండగ పేరు చెప్పి గోడలకు సరైన అదనులోనే సున్నం పడేదన్నమాట. ఆ పద్ధతి పెట్టిన వాళ్లు ఇదంతా లెక్కేసే పెట్టారో, అలా కుదిరిందో గానీ గోడకు మాత్రం మేలే జరిగింది.

తర్వాత స్నోసెం వచ్చింది. డిస్టెంపర్ వచ్చింది. ఆ తర్వాత నీళ్లతో తుడుచుకోవచ్చనే ఎమల్షన్లు వచ్చాయి. ఏటా పడే బాధ తప్పింది. కానీ ఈ రంగులు గోడమీద సన్నటి తొడుగులా అతుక్కుంటాయి. వెనక చెమ్మ ఉంటే అది బయటికొచ్చే దారి లేక ఆ తొడుగునే తోసేస్తుంది. పొక్కులు, పెచ్చులు, తెల్లగా తేలే ఉప్పు... అన్నీ దాని పనే. పాత సున్నం గోడమీద గీకకుండా ఎమల్షన్ పూస్తే ఇంకో తమాషా. రంగు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను వదిలేస్తుంది. రెండూ కలిసి అప్పడాల్లా ఊడి పడతాయి. అప్పుడు తిట్లు తినేది రంగుల కంపెనీ, కాదంటే మేస్త్రి.

మరి ఎన్నేళ్లు? అనుభవమున్న మేస్త్రీలు చెప్పే లెక్క దాదాపు ఒకటే. లోపలి గోడలకు మంచి ఎమల్షన్ వేస్తే ఐదు నుంచి ఏడేళ్లు. పోపు ఘాటూ నూనె జిడ్డూ భరించే వంటిల్లు, క్రికెట్ బంతులూ క్రేయాన్లూ భరించే పిల్లల గది మూడు నాలుగేళ్లకే అడుగుతాయి. అతిథులొస్తే తప్ప తలుపు తీయని గది పదేళ్లయినా పలకదు. బయటి గోడలకు నాలుగు నుంచి ఆరేళ్లు. ఇల్లంతా ఒకేసారి వేయించాలన్న నియమం ఎక్కడా లేదు. అది మనం పెట్టుకున్నదే. ఖర్చు చూస్తే అసలు పెట్టుకోకూడనిది కూడా. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న ఒక్క గదినే తీసుకోండి. నాలుగు గోడలూ 440 చదరపు అడుగులు, పైకప్పు 120. నేల 120 అడుగులే అయినా తలుపులూ కిటికీలూ తీసేయకముందు రంగు పడాల్సింది 560 అడుగులకు! బాగున్న గదిని వదిలేస్తే మిగిలేది చిన్న మొత్తమేం కాదు.

ఊరును బట్టి కూడా లెక్క మారుతుంది. విశాఖ బీచి దగ్గరి ఇంట్లో గోడకన్నా ముందు కిటికీ ఊచలు కూస్తాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టి రంగును లోపలినుంచి లేపేస్తాయి. అక్కడ ఇనుప పనిని ఏటా ఒకసారి చూసుకుని, లేచినచోట గీకి తుప్పు ప్రైమర్ పూయాల్సిందే. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. చెమ్మ గొడవ తక్కువ, ఎండ గొడవ ఎక్కువ. పడమటి గోడ వెలిసిపోయి, తూర్పు గోడ కొత్తగా ఉంటుంది. బొగ్గు గనుల ఊళ్లలో తెల్లరంగు వేయించుకునే ధైర్యం ఎవరికుంటుంది?

గోడను అడగడం పెద్ద విద్యేం కాదు. బయటి గోడను అరచేత్తో గట్టిగా రాస్తే పిండిలా అంటుకుందా, రంగు ఆయువు తీరుతున్నట్టు. చెమ్మ అనుమానం ఉన్నచోట అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి ఒక రోజు వదిలేయాలి. కాగితానికీ గోడకూ మధ్య నీటి చుక్కలు కనిపిస్తే రంగు డబ్బా ఇంకా కొనకూడదు. ముందు చెమ్మ ఎక్కడిదో వెతకాలి. డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయా, స్నానాలగది గొట్టం కారుతోందా, కుండీల నీళ్లు గోడ మొదట్లోకి పోతున్నాయా... మన ఊళ్లలో ఇంకో కారణం ఉంది. వీధిలో రోడ్డుమీద రోడ్డు వేసుకుంటూ పోతే ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇల్లు పల్లమైపోతుంది. వాననీళ్లన్నీ పునాది దగ్గరే. ఆ గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా అడుగు ఎత్తున నల్లటి చార తేలుతుంది.

గోడల సంగతి ఇలా ఉంటే, తలుపులూ కిటికీలదీ అసలు భయపడాల్సిన సంగతి. ఎందుకో గానీ దీని గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు. పాత ఎనామిల్ రంగుల్లో, అందులోనూ పసుపు, ఎరుపు, ఆకుపచ్చ లాంటి ముదురు రంగుల్లో, సీసం ఎక్కువగా ఉండేది. కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు తెచ్చి, ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదంది. 2017 నవంబరు 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన రంగు మన తలుపులమీద పొరలు పొరలుగా ఇంకా అలాగే ఉంది. కదపనంత వరకూ, పెచ్చులు లేవనంత వరకూ దానితో పెద్ద ఇబ్బంది లేదు. ఉప్పుకాగితం పెట్టి పొడిగా రుద్దినప్పుడే మొదలవుతుంది. ఆ దుమ్ము నేలమీద పడుతుంది. పాకే పిల్లల చేతులకు, చేతులనుంచి నోటికి చేరుతుంది. ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. గర్భిణి ఒంట్లో చేరితే కడుపులోని బిడ్డకూ అందుతుంది. ఇంతవరకైతే ఫర్వాలేదు అనదగ్గ మోతాదేదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది చూడండి. తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది. మనవడో మనవరాలో పుట్టబోతోంది, బారసాల ఘనంగా చేయాలి. ‘ఆ పాత తలుపులు గీకించి కొత్త రంగు వేయిద్దాం’ అంటారు తాతగారు. ప్రేమతోనే అంటారు. నిండు చూలాలు హాల్లో కూర్చుని ఉండగా ముందు గదిలో గీకుడు మొదలవుతుంది. అమ్మమ్మ చీపురుతో దుమ్మంతా ఊడుస్తుంది, సగం గాల్లోకే లేస్తుంది. ఏడాదంతా వెతికినా ఇంతకన్నా తప్పు సమయం దొరకదు. పని చేయించాలంటే అమ్మాయి రాకముందే ముగించాలి. లేదంటే బిడ్డ పెద్దయ్యేదాకా ఆ తలుపుల జోలికి వెళ్లకూడదు. పాత రంగు గట్టిగా ఉంటే దాన్ని ఊడదీయక్కర్లేదు, పైన పూసుకోవచ్చు. తప్పనిసరై గీకాల్సి వస్తే తడిపి తడిమీదే రుద్దాలి. మంటతో కాల్చి ఊడదీయడం ఎంతమాత్రం వద్దు. నేలమీద ప్లాస్టిక్ పట్టా పరచాలి, తర్వాత చీపురు కాకుండా తడిగుడ్డ పెట్టాలి. ముక్కుకు మాస్కు ఇవ్వకుండా పని చేయించుకుంటే ఆ దుమ్ము మేస్త్రి బట్టలకు అంటుకుని అతని పిల్లల దగ్గరికే వెళుతుంది.

గృహప్రవేశం ఇళ్లదీ తొందరే. సిమెంటు పూత పూసి నీళ్లు కొట్టడం పూర్తయ్యాక కనీసం నెలరోజులైనా ఆరాలి. మంచిరోజు మళ్లీ లేదని పచ్చిగోడకే లప్పం పెట్టి రంగులు దిద్దేస్తారు. ముహూర్తం దాటించాల్సిన పని లేదు. తెల్లగా ఒక పూత వేయించి పాలు పొంగించుకుని, అసలు రంగు ఒక ఎండాకాలం చూశాక వేయించుకుంటే సరి. ఆ ఎండాకాలంలోనూ కాలే గోడమీద రంగు పూస్తే పట్టకముందే ఆరిపోతుంది. తెలిసిన మేస్త్రి పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ చేస్తాడు. శ్రావణంలో బయటి పని ఒప్పుకోడు. ఒప్పుకున్నాడంటే అనుమానించాల్సింది వాతావరణాన్ని కాదు!

అపార్టుమెంట్లలో బయటి గోడలు ఎవరివో తేలేసరికే రెండు వానాకాలాలు గడుస్తాయి. పై అంతస్తు వాళ్లకు కారుతుంది కాబట్టి కావాలంటారు, కింద వాళ్లకు అక్కర్లేదు. అద్దె ఇళ్లదైతే ఇంకా సులువు. నగరాల్లో చాలామంది యజమానులు ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద నెల అద్దె పట్టుకుంటారు. రంగు పడుతుందో లేదో తర్వాత వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

మాట మీద మాట వచ్చింది గానీ, పోయినసారి ఎప్పుడు వేయించారు అని అడిగితే ఏ ఇంట్లోనూ ఇద్దరు ఒకే సంవత్సరం చెప్పరు. ఒకప్పుడు వీధి గోడమీద ఎర్రరంగుతో వధూవరుల పేర్లూ పెళ్లి తేదీ రాయించేవారు కాబట్టి ఆ గోడే లెక్క చెప్పేది. ఇప్పుడు కొందరు ఇంకో పద్ధతి పట్టారు. వేయించిన నెల, సంవత్సరం, రంగు పేరు, డబ్బా మీది షేడు నంబరు, ఎన్ని లీటర్లు పట్టిందీ ఒక చీటీమీద రాసి, అల్మారా తలుపు లోపలి వైపు అంటిస్తున్నారు. మధ్యలో ఎక్కడైనా పెచ్చు లేచినా అదే రంగు లీటరు తెచ్చి సరిచేసుకోవచ్చు, గోడంతా మళ్లీ వేయించే పని ఉండదు.