నిలువ ధనము

మా చెల్లెలు భర్తతోగూడ ఇంగ్లండున నున్నది. దానికి తొలిచూలు. మా తల్లిగారు గతించిరి గనుక పురిటికి మమ్మే రమ్మని యేడ్చుచు కోరినది. హైదరాబాదు దాటి యెరుగని మేము సరే యంటిమి. విమానపు టిక్కెట్టు తాను కొందునని మా మరది చెప్పెను. ఇక వీసాయే తరువాయి యనుకొంటిమి.

బంధువులను చూడబోవువారికి ఆ దేశమువారు సాధారణముగా 6 మాసముల వరకు అనుమతి నిత్తురు. అచ్చట కొలువు చేయక, ప్రభుత్వమును చేయిచాపి యడుగక, పోయి వచ్చుటకు చాలిన ధనము కలదని చూపవలెను. చదువబోవు విద్యార్థులకైనచో ఇంతయని అంకె కలదు. ఆ సొమ్ము 28 దినములు ఒక్కనాడైనను తరుగక ఖాతాలో నిలిచియుండవలెను. మావంటివారికి అంకె లేదు. రాబడి యేది, వ్యయమేది, మరలి యిల్లు చేరుటకు కారణమేది యని ఖాతా పత్రములు చూచి తూచుదురు. అంకె లేకపోవుటయే మాకు భయమైనది.

ఆ రాత్రి మా సంపద నెంచుకొంటిమి. మెడలో నానుతాడు, రెండు జతల గాజులు, ఒక పాడిగేదె, సగము కట్టిన చీటి, పొరుగామెకు చేబదులిచ్చిన నాలుగువేలు, పోపులడబ్బాలోని చిల్లర. మా పేరిట ఖాతా యొకటి కలదు; వంటగ్యాసు రాయితీ కొరకు తెరచినది. అందు 3,412 రూపాయలు. మా తండ్రిగారు మాకు ఇంటనే చదువు చెప్పినపుడు, స్త్రీధన మనగా నగలు మాత్రమే కాదని, వారసత్వముగ వచ్చినదియు కొన్నదియు నందు చేరునని విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో విశాలముగా నర్థము చెప్పెనని బోధించిరి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ చేతనున్న యాస్తికి ఆమెనే పూర్తి యజమానురాలిని జేసెను. ఇంత యుండియు, మా సొమ్మని చూపుటకు మా యొద్ద కాగితము ముక్క లేదు!

మావారు ప్రైవేటు పాఠశాలలో నుపాధ్యాయులు. వారి జీతము వచ్చిన పదిదినములకే కరగిపోవును. ఇబ్రహీంపట్నపు బజారులో నొకరు వారిని పిలిచి, అయిదు లక్షలు నెలదినములు మీ ఖాతాలో వేసెదను, నూటికి మూడు వడ్డీ యిచ్చి పిదప మరల నాకిండు, అందరు చేయునదే యనిరట. పరీక్షలో పక్కవాని కాగితము చూచిన బాలునికి సున్న వేయు మావారు, ఆ మాట మాకు చెప్పి తల వంచుకొని యూరకుండిరి.

మేము కోపించితిమి. నిన్న మూడువేలున్నచోట నేడు అయిదు లక్షలు కనబడినచో, ఎక్కడిదని యడుగరా? కపటము తేలినచో 10 సంవత్సరములు ఆ గడప త్రొక్కనీయరు. అప్పటికి చెల్లెలి బిడ్డ బడికి పోవుచుండును. ఇట్లు చాల పలికితిమి. అంతయు విని వారు, "నా జీతము చూచి నిన్ను కాదందురేమోనని సిగ్గుగానున్నది" అనిరి. ఆపైన మాకు మాట రాలేదు.

తుదకు ఉన్నది ఉన్నట్లే పంపితిమి. వారి ఆరునెలల జీతపు చీటీలు, ఖాతా పత్రములు, పాఠశాలవారి లేఖ, పిల్లలిద్దరి బడి పత్రములు, ఖర్చు తానే భరింతునని మా మరది వ్రాసిన లేఖ, అతని ఖాతా పత్రములు; పరులు భరించుటకు ఆ నిబంధనలు ఒప్పుకొనును. తెలుగు పత్రములకు ఆంగ్లానువాదము జతపరుపవలెను గనుక మా చీటిపుస్తకము కూడ దొరసానియైనది. పెండ్లియైన పదునాలుగేండ్లకు రిజిస్ట్రారు కార్యాలయమునకు పోయి, మే మాలుమగల మని వ్రాయించుకొంటిమి. మావారు క్రొత్త పెండ్లికొడుకువలె సిగ్గుపడిరి!

హైదరాబాదున వ్రేలిముద్రలిచ్చి నేటికి 9 దినములు. జవాబు రాలేదు. బాలింతకు కావలసిన కాయము నూరి సీసాకెత్తితిమి, వాము వేయించి యుంచితిమి. గేదెపాల డబ్బు ఇపుడు సోమవారము సోమవారము మా ఖాతాలోనే వేయుచున్నాము. నిన్నటికి 4,160 రూపాయలు.