ఏటిగట్టుపై మా సాధన

పాఠక మిత్రులు నవ్వుకొన్నా సరే, జరిగినది జరిగినట్లు చెప్పుకొంటాము. విశాఖ సముద్రతీరాన నౌకాదళం వారు నిర్వహించే మారథాన్‌కు పెనుగొండ నుండి మేము ముగ్గురం పేర్లు నమోదు చేసుకొన్నాము. 5, 10, 21, 42 కిలోమీటర్ల పందాలలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. బస్సు కోసం తప్ప పరుగెత్తి ఎరుగని మేము, ఒకరి ముందు ఒకరు తగ్గలేక, 21కి గుర్తు పెట్టాము. ఏవైనా వ్యాధులున్నవా అన్న ప్రశ్నకు ముగ్గురమూ 'లేవు' అని వ్రాశాము. మాలో ఒకనికి చిన్ననాటి నుండి ఉబ్బసం. అది ముగ్గురికీ తెలుసు.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానం పొందిన శివనాథ్ సింగ్ బూట్లు లేకుండా పరుగెత్తేవాడని చదివి, ఖర్చు తప్పిందని సంతోషించాము. 1978లో జలంధర్‌లో ఆ మహానుభావుడు 42 కిలోమీటర్ల 195 మీటర్లను 2 గంటల 12 నిమిషాలలో ముగించాడు. మేము మొదటినాడు ఊరు దాటకముందే ముగిశాము. మూడవనాడు ముల్లు గుచ్చుకోగా బూట్లు కొన్నాము.

కార్తీకంలో అసలు చిక్కు వచ్చినది. సార్వా కోతలై, రోడ్డుకు ఒక ప్రక్కంతా ధాన్యం ఆరబోశారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. మంచుకు తడిసిన గింజను తిరగవేసుకొనే రైతుకు అడ్డుపడి పరుగెత్తడానికి మనస్సు రాలేదు. రెండవ ప్రక్క లారీలు. అందుచేత సిద్ధాంతం వద్ద వశిష్ఠ గోదావరి ఏటిగట్టుకు మారాము. మా డెల్టాలో ఎత్తంటే అదే. విశాఖ తీరపు రోడ్డు ఎత్తుపల్లాలకు అలవాటు పడాలని పదేపదే గట్టెక్కి దిగుతుంటే, గడ్డి కోసుకొంటున్న మామ్మగారొకరు, "ఎవరు తరుముతున్నారు నాయనా?" అని జాలిపడ్డారు. మాటలాడుకోగలిగినంత నెమ్మదిగా పరుగెత్తాలన్నది మా నియమం. మాట ఆగితే వేగం ఎక్కువైనట్లు లెక్క.

ఒక మంచు ఉదయాన, 12వ కిలోమీటరు వద్ద, వెనుక మాట ఆగిపోయినది. తిరిగి చూస్తే మా మిత్రుడు గట్టుపై కూర్చుని, మోకాళ్ళపై చేతులానించి, ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు. పిల్లికూతలు మాకు వినిపిస్తున్నవి. పాలు తీసుకుపోయే మోటారు సైకిలుపై అతనిని వైద్యుని వద్దకు చేర్చాము.

ఉబ్బసమున్నవారు పరుగెత్తరాదని వైద్యుడు అనలేదు. పీల్చే మందు జేబులో ఉండాలి, ముందు కొంతసేపు నడిచి ఒళ్ళు వేడెక్కించుకోవాలి, మంచులో బయలుదేరరాదు, ఈ ఏటికి 10 కిలోమీటర్లు చాలునన్నాడు. మిత్రుని తల్లిగారు మాత్రం మా వైపు తిరిగి, "మీకు తెలుసు కదా నాయనా?" అన్నారు. మేము తలలు వంచుకొన్నాము.

ఆ సాయంత్రమే, మేము వ్రాసిన జవాబు తప్పనీ, అతనిని 10 కిలోమీటర్లకు మార్చవలసిందనీ నిర్వాహకులకు ఉత్తరం పంపాము. మేమిద్దరం కూడా తగ్గుతామంటే, తన పేరు చెప్పి తప్పించుకోవద్దని అతడు కోపగించుకొన్నాడు. వారం తరువాత, మంచు విడిచాక, ముగ్గురం మళ్ళీ గట్టెక్కాము. మొదటి అరగంట అతనితో కలిసి నడిచాము.